ఎదురు లైటు

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ఒక బల్బు ఎంత కరెంటు తాగుతుందో పెన్నూ కాగితం లేకుండా చెప్పగలను. అయినా ఎదురుగా వచ్చే బండి నా మొహాన రెండుసార్లు లైటు కొడితే, ఈ రోజుకీ నాకొచ్చే మొదటి ఆలోచన "ఎవరబ్బా, తెలిసినవాళ్లా?" అనే. రెండో ఆలోచన వచ్చేలోపు సగం నవ్వు మొహం మీదికి వచ్చేసి ఉంటుంది. అందుకని ఈ కథలో ఆమెని చూసి మీరు నవ్వుకోండి, తప్పులేదు. నాకు మాత్రం ఆ అర్హత లేదు.

ఆమె కళ్లజోళ్ల కొట్టులో పనిచేస్తుంది. వెనకగదిలో కూర్చుని అద్దాల అంచులు సానపడుతుంది, కంటి మధ్యకి అద్దం మధ్య వచ్చేలా ఎర్ర సిరాతో చుక్క పెట్టి ఫ్రేములో బిగిస్తుంది. పరీక్ష చేసే డాక్టరు రాని రోజుల్లో ఆ పని కూడా ఆమెదే. ఊళ్లో అద్దాలావిడ అంటారు. అసలు పేరు అడిగినవాళ్లు ఇంకా తగల్లేదు.

కొట్టు మూసేసరికే చీకటి పడిపోయే రోజులవి. ఊరు దాటాక ఆమె ఇంటిదాకా ఒకటే రోడ్డు. రెండు పక్కలా గోడౌన్లు, మధ్యలో నీళ్ల ట్యాంకు దగ్గర ఒక మలుపు. ఆమె తెల్లకారు ఆ రోడ్డు ఎక్కగానే పలకరింపులు మొదలయ్యేవి. ముందు పాలవ్యాను రెండుసార్లు లైటు కొట్టి పోయేది. ఆమె కూడా రెండుసార్లు కొట్టేది. తర్వాత ఒక మోటారుసైకిలాయన. ఆయన లైటు కొట్టడమే కాదు, సలాము చేసినట్టు ఒక చెయ్యి కళ్లదాకా ఎత్తేవాడు. ఎంత మర్యాద అనుకునేది. చివర్న మలుపులో బస్సు. బస్సు లైట్లు పెద్దవి, పలకరింపూ పెద్దదే. మూడుసార్లు, ఒక్కోరోజు నాలుగు, పైగా పొడుగ్గా హారను. ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు తిరిగి కొట్టి, స్టీరింగు మీద రెండు వేళ్లు ఎత్తి చూపించేది. చీకట్లో ఆ వేళ్లు ఎవరికీ కనపడవని తెలుసు. అయినా ఎత్తేది.

ఆదివారం చెల్లెలు ఫోన్ చేసినప్పుడు ఆ సంగతే చెప్పింది.

"అక్కా, అక్కడ మనుషులెవరన్నా తెలిశారా, లేక ఇంకా గోడలతోనే మాట్లాడుతున్నావా?"

"తెలిశారే. రోడ్డు మీద ప్రతివాళ్లూ పలకరిస్తారు."

"ప్రతివాళ్లూనా! మా లిఫ్టులో పక్కన నిలబడ్డవాడు కూడా నా వంక చూడడు. ఏం మందు పెట్టావేంటి వాళ్లకి?"

"నేనేం చేయలేదు. ఇక్కడి అలవాటనుకుంటా. ముఖ్యంగా ఒక బస్సాయన ఉన్నాడు. నేను కనపడితే చాలు, హారను కూడా కొడతాడు."

"ఓహో, బస్సాయన," చెల్లెలి గొంతులోకి కొంటెతనం దూరింది. "మనిషి ఎలా ఉంటాడేంటి?"

"నాకేం తెలుసే. లైట్లే కనపడతాయి."

"పోన్లే, లైట్లన్నా బాగున్నాయిగా." చెల్లెలు పగలబడి నవ్వి, నవ్వు అయ్యాక అంది. "నిజంగా అక్కా, ఇక నీ గురించి బెంగ లేదు నాకు."

ఆ మాట అనిపించుకోవడానికే ఆమె రోడ్డు సంగతి ఎత్తింది. ఫోన్ పెట్టేశాక ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించింది.

ఆ వారం బస్సు పలకరింపు మారింది. మలుపులోకి వచ్చి ఒక్కసారి కొట్టి ఊరుకుంటోంది. హారను లేదు. బస్సాయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. ఎవర్ని అడగాలో తెలియలేదు.

బుధవారం పొద్దున ఆమె వెనకగదిలో ఒక అద్దాన్ని సానరాయికి ఆనించి తిప్పుతుంటే ముందుగదిలో ఓనరు గొంతు వినపడింది. ఆయన వయసు మీద పడ్డ మనిషి. వచ్చిన ప్రతివాళ్లకీ ఒక బిరుదు ఇస్తే గానీ లోపలికి రానివ్వడు.

"ఏంటి స్టీరింగు స్వామీ, ఈ టైములో ఇక్కడ? బస్సు ఎక్కడ పడేశావు?"

"నేను పడేయలేదు పెద్దాయనా. బస్సే నన్ను పడేసింది. కళ్లు చూపించుకు రమ్మన్నారు."

సానయంత్రం ఆపి ఆమె చేతులు తుడుచుకుంది. లోపలికి వచ్చినాయన యాభై దాటిన మనిషి. డ్రైవరు యూనిఫారం వేసుకున్నాడు గానీ ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది. పరీక్ష కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి, పట్టుకోవడానికి ఏమీ లేక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అక్కడ కూడా రెండు పిడికిళ్లూ స్టీరింగు పట్టుకున్నంత దూరంలోనే ఉన్నాయి.

బరువైన పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టి, ఒక కన్ను మూసి, గోడ మీది అక్షరాల పెట్టెలో లైటు వేసింది. గడగడా చదివేశాడు. రెండో కన్ను. అదీ అంతే.

"అడుగున అచ్చేసిన కంపెనీ పేరు కూడా ఉంది మేడం. చదవమంటారా?"

"వద్దండి." ఆమెకి నవ్వొచ్చింది. "కళ్లు బాగానే ఉన్నాయి. మరి ఇబ్బంది ఎక్కడ?"

"నీళ్ల ట్యాంకు మలుపు తెలుసా మీకు? సాయంత్రం ట్రిప్పులో అక్కడికొచ్చేసరికి ఎదురుగా ఒక కారు దిగుతుంది. ఇక రోడ్డు లేదు, గోడ లేదు. అద్దం మీద పాలు పోసినట్టు తెల్లగా అయిపోతుంది. లైటు కొడతాను, దించు నాయనా అని. దించదు. మళ్లీ కొడతాను, హారను కొడతాను. అప్పుడేం చేస్తుందో తెలుసా?" డ్రైవరు ఫ్రేములోంచే ఆమె వైపు తిరిగాడు. "తిరిగి కొడుతుంది! నేను మూడు కొడితే మూడు, నాలుగు కొడితే నాలుగు. లెక్క కూడా తప్పదు. అంత వెక్కిరింపు."

ఫ్రేములో దూర్చబోతున్న అద్దంబిళ్ల ఆమె వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"కారు... ఏ రంగు?"

"తెల్లదో, బూడిదో. దాని లైట్లు చూశాక రంగు చూడ్డానికి కళ్లెక్కడున్నాయి? పోయిన వారం ఒక్కసారి బ్రేకు తొక్కాను, మలుపులో గోడ ఎక్కడుందో తెలీక. ముందు సీట్లో పెద్దావిడ, నుదురు వెళ్లి రాడ్డుకి కొట్టుకుంది. కుట్లు పడ్డాయి. నేనే ఎత్తుకెళ్లాను ఆస్పత్రికి. పాపం ఒక్క మాటన్నా అనలేదు నన్ను. తిట్టినా బాగుండేది."

"మీ వాళ్లకి చెప్పలేదా, కారు సంగతి?"

"చెప్పానండీ. సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా? ‘నీ బదులు ఒక కుర్రాణ్ణి వేశాను, వాడికి కనపడని దెయ్యం కారు నీకే ఎలా కనపడింది? నీ కళ్లు పోయాయి’ అన్నాడు. ఆ కుర్రాడేమో, ఏదో కొంచెం ఎక్కువ లైటు, నేను పక్కకి చూస్తాను అంటాడు. వాడి వయసుకి సరిపోతుంది." తడిసిన ప్యాంటు చూపించాడు. "ఇప్పుడు బస్సులు కడిగే షెడ్డులో వేశారు. ఇంతకాలం బస్సు తోలి, చివరికి పైపు పట్టుకుని రిటైరవ్వాలేమో."

ఆమె గది మూలకి వెళ్లి, అవసరం లేకపోయినా అద్దాల పెట్టె తెరిచి మూసింది. చెప్పెయ్యాలనే నోరు తెరిచింది. బయటికి వేరే మాట వచ్చింది.

"ఎల్లుండి ఇంకోసారి రండి. ఒక్కసారి చూసి చెప్పలేం."

ఆయన మొహంలో రంగు దిగిపోయింది. "ఏదన్నా ఉందా మేడం? ఉంటే ఇప్పుడే చెప్పండి."

"లేదండి. లేదనే అనుకుంటున్నాను."

డ్రైవరు ఫ్రేము తీసి రెండు చేతులతో ఆమెకి అందించాడు, అది పగిలిపోయే వస్తువైనట్టు.

ఆ సాయంత్రం ఆమె కారు రోడ్డెక్కింది. పాలవ్యాను రెండుసార్లు కొట్టింది. ఆమె చెయ్యి కదల్లేదు. మోటారుసైకిలాయన చెయ్యి పైకెత్తాడు. ఆయన కళ్లు మూసుకుంటున్నాడని అప్పుడు చూసింది. సలాము కాదు, అడ్డం పెట్టుకుంటున్నాడు. మలుపులో బస్సొచ్చింది. ఒక్కసారి కొట్టింది. ఆమె బండిని రోడ్డు అంచుకి తెచ్చి, లైట్లు పూర్తిగా ఆపేసి, బస్సు దాటిపోయేదాకా చీకట్లో కూర్చుంది. ఇన్నాళ్లూ ఊరు ఊరంతా తనమీద కేకలేస్తుంటే తను నవ్వుతూ వేళ్లు ఊపింది.

ఇల్లు మేడమీది వాటా. కింది వాటా ఖాళీ. పెరడు దాటితే పక్క గోడౌను తెల్ల గోడ. నేల సిమెంటు చేసి చదునుగా ఉంటుంది. కారుని గోడకి ఎదురుగా నిలిపి లైట్లు వేసింది. గోడ మీద వెలుగు ఎక్కడుండాలో ఆమెకి తెలీదు గానీ, గోడౌను రేకుల కప్పు కింద నిద్రపోతున్న పావురాలు లేచి ఎగిరితే, ఉండాల్సింది అక్కడ కాదని మాత్రం అర్థమైంది.

మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చదివింది. కారు గోడకి ఇరవై అయిదు అడుగుల దూరంలో ఉండాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. లైటు నడిమధ్య నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో టేపు అంటించాలి. వెలుగు పైఅంచు ఆ టేపుకి రెండు మూడు అంగుళాలు కిందే ఆగాలి. డిక్కీలో బరువు ఉండకూడదు. వెనక కుంగితే ముందు లేస్తుంది.

డిక్కీ తెరిచింది. ఈ ఊరికి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. రెండు చెక్కపెట్టెల నిండా గాజు బిళ్లలు, వాటి పక్కన నాన్న సానయంత్రం. అందరూ ప్లాస్టిక్ అద్దాలే అడుగుతున్నారు, గాజు ఎవరికీ అక్కర్లేదు. పారెయ్యబుద్ధి కాలేదు. మేడెక్కించడానికి రెండో మనిషి లేదు. అలా ఆ బరువుతోనే రోజూ కొట్టుకీ ఇంటికీ తిరిగింది.

మళ్లీ ఫోన్ చూసింది. నడిపే మనిషి బరువు సీట్లో ఉండాలి. కాబట్టి ఒకరు సీట్లో కూర్చుంటే ఇంకొకరు స్క్రూ తిప్పాలి.

"ఇంకొకరు" దగ్గర కాసేపు ఆగింది. ఫోన్ జేబులో పెట్టుకుని గాజు బిళ్లల పొట్లాలు డిక్కీలోంచి తీసి సంచీతో మోయడం మొదలుపెట్టింది. ఒక పెట్టెడు పొట్లాలు డ్రైవరు సీట్లో పేర్చింది. తన బరువుకి ఇంకా తక్కువే అనిపించి కింద ఒక బకెట్టు నీళ్లు పెట్టింది. తాళం తిప్పగానే, సీటు బెల్టు పెట్టుకోమని కారు కుయ్ కుయ్‌మని గోల చేసింది. గాజు పొట్లాల చుట్టూ బెల్టు లాగి బిగిస్తే నోరు మూసుకుంది. ఒక పెట్టెడు గాజు, ఒక బకెట్టు నీళ్లు. కారుకి ఆమెకీ దానికీ తేడా ఏమీ తెలీలేదు.

మిగతా గాజంతా మేడ మీదికి చేర్చింది. సానయంత్రాన్ని రెండు చేతులతో పట్టి లేపబోయింది. అది కదల్లేదు. దాన్ని అక్కడే వదిలేసి బానెట్ ఎత్తింది. ఎప్పుడో బల్బు మార్చిన మెకానిక్కు ఎడమ లైటు వెనక స్క్రూని ఇష్టమొచ్చినట్టు తిప్పి వదిలేసినట్టున్నాడు. కుడిది కూడా పైకే ఉంది. తిప్పబోయి ఆగింది. చేతిసంచీలోంచి ఎర్ర సిరా పెన్ను తీసి, రెండు స్క్రూల తలల మీదా, వాటి పక్కన అంచు మీదా, అవి ఎలా ఉన్నాయో అలా గీత పెట్టింది. ఏదన్నా తిప్పేముందు గుర్తు పెట్టుకోవడం ఆమెకి చేతిలో ఉన్న అలవాటు. ఆ తర్వాత ఒక్కో మెలికా లెక్కపెడుతూ తిప్పి, గోడ దాకా నడిచి చూసి, వెనక్కొచ్చి, మళ్లీ తిప్పింది. వెలుగు అంచు గోడ మీంచి మెల్లగా దిగింది. టేపు దాటింది. టేపు కింద నిలబడింది.

పావురాలు తిరిగొచ్చి కూర్చున్నాయి.

మర్నాడు సాయంత్రం రోడ్డెక్కింది. పాలవ్యాను ఏమీ అనకుండా పోయింది. మోటారుసైకిలాయన రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి పోయాడు. మలుపులో బస్సు, మూసిన తలుపుల ఇంటి ముందు నుంచి వెళ్తున్నట్టు, పక్కనుంచి వెళ్లిపోయింది. రోడ్డంతా చక్కగా కనపడుతోంది. తెల్లగీతలు, గుంటలు, ఒక చెప్పు. ఇంతకంటే బాగా ఆ రోడ్డు ఆమెకి ఎప్పుడూ కనపడలేదు. ఇల్లు చేరాక కారు దిగకుండా కాసేపు కూర్చుంది. అంతలో ఫోన్ మోగింది.

"ఏంటక్కా, ఇవ్వాళ పలకరింపులయ్యాయా?"

"అయ్యాయి," అంది.

శుక్రవారం కొట్టు తీస్తూనే డ్రైవరు వచ్చేశాడు. ముందుగదిలో గోడకి కూడా అక్షరాల అట్ట ఒకటి వేలాడుతుంది. దాని కింద నిలబడి పెదాలు కదుపుతున్నాడు. ఓనరు గుమ్మంలోంచే అన్నాడు. "ఏంటయ్యా, అట్ట ముందు జపం చేస్తున్నావు?"

లోపల కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేము పెట్టి, కుడికన్ను మూసిందో లేదో ఆయన మొదలుపెట్టాడు. పై లైను నుంచి అడుగు లైను దాకా, ఒక్క అక్షరం తప్పకుండా, ఊపిరి తీసుకోకుండా.

ఆమె చెయ్యి ఇంకా స్విచ్చు దగ్గరే ఉంది.

"నేనింకా లైటు వేయలేదండీ," అంది మెల్లగా.

డ్రైవరు తల దించుకున్నాడు. రెండు పిడికిళ్లూ మోకాళ్ల మీద బిగుసుకున్నాయి. "రెండు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు మేడం. మీరు మళ్లీ రమ్మన్నారంటే ఏదో ఉండే ఉంటుంది. అందుకని..."

ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీ కళ్లకేం లేదు. ఆ రోజే తెలుసు నాకు. ఆ తెల్లకారు నాది."

ఆయనకి అర్థం కాలేదు. ఫ్రేము ఇంకా ముక్కు మీదే ఉంది. ఒక కన్ను మూసి, ఒక కన్నుతో చూస్తున్నాడు.

"మీదా?" ఫ్రేము లాగేశాడు. "మీరా అది? మరి నేను అంతలా లైటు కొడుతుంటే, దించకపోగా తిరిగి కొడతారేంటమ్మా? ఏం సరదా అది? ఒక మనిషి నుదురు పగిలింది!"

"పలకరిస్తున్నారనుకున్నాను."

"ఏంటి?"

"మీరు నన్ను పలకరిస్తున్నారనుకున్నానండీ. మీరే కాదు, అందరూ. అందుకని నేనూ..." ఆమె రెండు వేళ్లు కొంచెం ఎత్తి, దించేసింది.

లాగేసిన ఫ్రేము డ్రైవరు చేతిలోనే ఉంది. తిట్టడానికి లేచిన మనిషి, తిట్టు దొరక్క నిలబడ్డాడు.

"సరే," అన్నాడు చివరికి. "కళ్లు బాగున్నాయని మీరు చెప్తారు. అప్పుడు సూపర్‌వైజరు ఏమంటాడో తెలుసా? కళ్లు బాగుంటే బ్రేకు ఎందుకు తొక్కావు, నిద్రపోయావా అంటాడు. అదింకా ఘోరం. కారు చూపించాలి ఆయనకి. సాయంత్రం తీసుకొస్తాను. ఆ లైట్ల ముందు నిలబెడతాను, అప్పుడు తెలుస్తుంది దెయ్యమో కాదో."

ఆమె వేళ్లు ఒళ్లో ముడిపడ్డాయి.

"నేను సరిచేసేశానండీ. మొన్ననే."

డ్రైవరు నవ్వాడు. వినడానికి బాగోలేని నవ్వు. "బాగుందమ్మా. చాలా బాగుంది. కొట్టిన చెయ్యి కూడా కడిగేసుకున్నారు." గుమ్మం దాకా వెళ్లాడు.

"ఆయన్ని మా ఇంటికి తీసుకురండి, ట్యాంకు దాటాక తెల్లగోడ గోడౌను పక్కన," అందామె వెనకనుంచి. "సాయంత్రం, చీకటి పడ్డాక. ఎలా ఉండేవో అలాగే ఉంటాయి."

మధ్యాహ్నం సెలవడిగితే ఓనరు ఏమీ అడగకుండా ఇచ్చాడు. "వెళ్లమ్మాయ్. ఈ పూట కళ్లు ఎవరికీ పోవులే."

ఇంటికొచ్చి గాజు పొట్లాలు మేడ మీంచి దించడం మొదలుపెట్టింది. ఎక్కించేటప్పుడు ఇంత బరువనిపించలేదు. సంచీ అరచేతుల్లోకి దిగింది. ప్రతి మెట్టు మీదా గాజు గలగలమంది. పొట్లాలన్నీ డిక్కీలో, యంత్రం పక్కన, ముందెలా ఉన్నాయో అలాగే సర్దింది. కారు వెనక్కి కుంగింది. బానెట్ ఎత్తి, లెక్కపెట్టిన మెలికలన్నీ వెనక్కి, స్క్రూలని ఎర్రగీత పెట్టినచోటికి తిప్పింది. సరిచేసినప్పుడు పట్టినంత ఓపికా పాడుచెయ్యడానికీ పట్టింది. ఒక వెంట్రుకవాసి తక్కువ తిప్పితే ఎవరికీ తెలీదు, తనమీద కొంచెం తక్కువ పడుతుంది. ఆ ఆలోచన వచ్చింది. గీత గీతకి కలిసేదాకా తిప్పింది.

చీకటి పడుతుండగా ఇద్దరూ వచ్చారు. సూపర్‌వైజరు చిన్నవాడే. చంకలో హెల్మెట్టు పెట్టుకుని, ఇంటికి ఆలస్యమవుతున్న మనిషిలా గడియారం చూసుకుంటున్నాడు.

"మీదేనా అమ్మా కారు? త్వరగా కానిద్దాం."

"మీరు గోడ దగ్గర నిలబడండి సార్," అన్నాడు డ్రైవరు. ఆమె వైపు చూడకుండానే తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది. ఇచ్చి, కారు పక్కన ఉండిపోకుండా గోడ దాకా నడిచి సూపర్‌వైజరు పక్కన నిలబడింది.

లైట్లు వెలిగాయి.

పెరడు లేదు, మెట్లు లేవు, మేడ లేదు. పక్కనే ఉన్న మనిషి లేడు. కళ్లు మూసుకుంటే రెప్పల లోపల కూడా తెలుపే. తన చెయ్యి తనకి తెలీకుండానే కళ్లకి అడ్డంగా లేచింది, అచ్చం మోటారుసైకిలాయన చెయ్యిలా. పైన పావురాలు కొట్టుకుంటూ లేచిపోయాయి. ఎదురుగా, ఆ తెలుపు వెనక ఎక్కడో, ఇన్నాళ్లూ తను కూర్చుని నవ్వింది.

"ఆపండయ్యా, ఆపండి!" సూపర్‌వైజరు అరిచాడు.

లైట్లు ఆరాక చాలాసేపు ఎవరికీ ఏమీ కనపడలేదు. సూపర్‌వైజరు గోడ తడుముకుంటూ పక్కకొచ్చాడు.

"దీన్నేసుకుని రోజూ రోడ్డు మీదికెళ్లారా? మీకెవరూ చెప్పలేదా?"

"అందరూ చెప్పారండీ," అంది. "నేనే వేరేగా అనుకున్నాను. ఆ పెద్దావిడ ఎక్కడుంటారో చెబితే వెళ్లి ఆమెకీ చెప్తాను. ఈయన తప్పు లేదు. కావాలంటే డిపోకి వచ్చి అందరి ముందూ చెప్తాను."

సూపర్‌వైజరు కళ్లు నులుముకున్నాడు. డ్రైవరు వైపు తిరిగాడు. క్షమాపణలాంటిది నోటిదాకా వచ్చి, మింగేసినట్టున్నాడు. "సోమవారం నుంచి బస్సెక్కు," అని మాత్రం అన్నాడు. హెల్మెట్టు పెట్టుకుంటూ ఆమెతో "ముందు దాన్ని బాగుచేయించండి," అన్నాడు. "ఇలాగే రోడ్డెక్కితే నేనే వచ్చి ఆపుతాను."

మోటారుసైకిలు వెళ్లిపోయింది. డ్రైవరు వెళ్లలేదు. కుంగిన కారు వెనకభాగాన్ని చూస్తున్నాడు.

"డిక్కీలో ఏముంది? శవమా?"

ఆమె తెరిచి చూపించింది. ఆయన సానయంత్రాన్ని ఒక చేత్తో కదిపి చూసి ఈలేశాడు.

"దీన్ని ఊరంతా తిప్పుతున్నారా? దింపొచ్చుగా."

"ఒక్కదాన్నే ఎత్తలేను."

ఆయన చొక్కా చేతులు మడిచాడు. "ఆ చివర పట్టుకోండి. వేళ్లు జాగ్రత్త చెల్లెమ్మా, ఇనుముకి మొహమాటం ఉండదు."

ఇద్దరూ దాన్ని ఒక్కో మెట్టూ ఎక్కించారు. మధ్యలో రెండుసార్లు ఆగారు. గాజు కూడా పైకి చేరింది. కిందికొచ్చి చూస్తే కారు వెనక భాగం తేలికపడి లేచింది. మొన్న తను పెట్టిన కొలత కూడా ఇప్పుడు పనికిరాదు. యంత్రం లోపల ఉండగా పెట్టిన కొలత అది. మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి.

ఆమె అలవాటుగా బకెట్టు అందుకోబోయింది.

"అదెందుకు?"

"సీట్లో మనిషి బరువుండాలి."

"నేనున్నాగా," అని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీదికి వాటంతటవే వెళ్లాయి. ఆ పిడికిళ్లు అప్పుడు సర్దుకున్నాయి.

ఆమె బానెట్ కింద తలపెట్టి స్క్రూ తిప్పింది. ఆయన లోపల్నుంచి గోడ చూస్తూ చెప్పాడు. "ఇంకా... ఇంకా... ఆగండి. ఎడమది కొంచెం. చాలు." ఈసారి గోడ దాకా నడవాల్సిన పని లేకపోయింది. పని తొందరగా అయిపోయింది. అంత తొందరగా అవుతుందని ఆమె అనుకోలేదు.

"నిజంగా పలకరింపే అనుకున్నారా?" దిగుతూ అడిగాడు.

"ఊఁ."

"నేనేమో ఆ కారు లోపల ఒక రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. మీసాలతో సహా." తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "వస్తానమ్మా." టీ అన్నా ఇవ్వలేదని ఆమెకి గుర్తొచ్చేసరికి ఆయన గేటు దాటిపోయాడు.

పెద్దావిడ ఇంటికి ఆదివారం వెళ్లింది. ఆమె తలుపు సగమే తీసి, అంతా విని, "ఇప్పుడు కుదురుగా ఉన్నాయా లైట్లు?" అని ఒక్క మాట అడిగి తలుపేసుకుంది. ఆ రోజు చెల్లెలు ఫోన్ చేసినప్పుడు ఆమె నిజం చెప్పింది. చెల్లెలు నవ్వబోయి, సగంలో ఆపేసి, "మరి ఇప్పుడు ఎవరూ పలకరించరా?" అంది. "లైట్లు బాగయ్యాయిగా," అందామె.

సోమవారం మబ్బుగా ఉండి ముందే చీకటి పడింది. పాలవ్యాను పోయింది. మోటారుసైకిలాయన పోయాడు. నీళ్ల ట్యాంకు మలుపులోకి బస్సు తిరిగింది.

రెండుసార్లు లైటు కొట్టింది.

స్క్రూ వదులైందా? గుంటలో పడ్డప్పుడు కదిలిందా? బస్సు దాటగానే కారు పక్కకి తీసి, ముక్కు ట్యాంకు గోడ వైపు తిప్పి దిగింది. గోడ మీద వెలుగు అంచు ఆమె నడుముకి కింద, కుదురుగా, గీత గీసినట్టుంది. జానతో కొలిచింది. టైర్లు నొక్కి చూసింది. డిక్కీ తెరిచింది, ఖాళీ. బానెట్ ఎత్తి ఫోన్ లైటులో చూస్తే కొత్తగా పెట్టిన ఎర్రగీతలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్లీ గోడ దగ్గరికెళ్లి ఇంకోసారి కొలిచింది. ఎక్కడా తప్పు లేదు.

ఏ తప్పూ లేకపోతే మరెందుకు కొట్టినట్టు?

జాన గోడ మీదే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి రోడ్డు వైపు చూసింది. బస్సు వెనక ఎర్రదీపాలు అప్పటికే గోడౌన్ల మధ్య చిన్నవైపోయాయి. పరుగెత్తుకుంటూ వచ్చి కారులో కూర్చుంది. ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేరు. ఆ గోడకే రెండుసార్లు లైటు కొట్టి, స్టీరింగు మీద రెండు వేళ్లు ఎత్తింది.

మంగళవారం మలుపుకి ముందే ఆమె చెయ్యి లైటు మీటమీద సిద్ధంగా ఉంది. ఆ తర్వాత ఏమైందో నేను చెప్పను. మీ సంగతి చెప్పండి. మీరు పలకరింపనుకున్నది కసురు అని తేలిన రోజు మీకూ ఉండే ఉంటుంది. కసురనుకుని దిగి తప్పు వెతుక్కున్నది, చివరికి పలకరింపేనని తేలిన రోజు కూడా ఉందా? ఉంటే రాయండి. మొదటి రకానివి నా దగ్గరే బోలెడున్నాయి. రెండోవి కావాలి.